చెయ్యి మానింది, మరి పని?

(వార్డులో ఉన్నవారి కుటుంబ సభ్యుల కోసం ఆక్యుపేషనల్ థెరపీ విభాగంలో ఇచ్చిన ప్రసంగ పాఠం)



మీలో చాలామంది చేవెళ్ల, మొయినాబాద్ చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చినవారే. డాక్టరుగారు రౌండ్స్‌కి వచ్చినప్పుడు మీరు అడిగే మొదటి మాట "కుట్లు ఎప్పుడు తీస్తారు?" రెండోది "ఇంటికెప్పుడు పంపిస్తారు?" మూడో మాట పేషెంటు అడుగుతాడు. అదీ డాక్టరుగారు వెళ్లిపోయాక, నర్సమ్మను మెల్లగా అడుగుతాడు: "నేను మళ్లీ పనికి పోగలనా?" ఈ వేళ ఆ మూడో మాట గురించే చెప్పుకుందాం.

మా విభాగాన్ని పొట్టిగా ఓటీ అంటారు. ఆపరేషన్ థియేటరును కూడా ఓటీ అనే అంటారు. అందుకే "ఓటీకి వెళ్లండి" అని చీటీ రాసిస్తే "మళ్లీ కోస్తారా?" అని కంగారుపడినవాళ్లున్నారు. భయపడకండి, మా గదిలో కత్తులు లేవు. స్పాంజి ముక్కలు, గింజల డబ్బాలు, తాళాలు, గుండీలు కుట్టిన బట్టలు ఉంటాయి. ఫిజియోథెరపీలో కీళ్లను కదిలించి కండరాలకు బలం తెప్పిస్తారు. ఆ బలంతో అన్నం కలుపుకోవడం, చొక్కా తొడుక్కోవడం, పార పట్టడం, తాపీ తిప్పడం మేము నేర్పిస్తాం. రెండూ కావాలి.

ఇక్కడికి వచ్చే గాయాలు ఈ ప్రాంతపు పనుల్లాగే ఉంటాయి. గడ్డి కోసే మిషన్‌లో పడ్డ వేళ్లు, సెంట్రింగ్ మీద నుంచి జారితే విరిగిన మణికట్టు, తెల్లవారుజామున కూరగాయల ఆటో బోల్తాపడితే నలిగిన భుజం.

పాల డెయిరీలో పనిచేసే ఒకాయన సంగతి చెబుతాను. కుడిచేతి రెండు వేళ్ల నరాలు, అనగా వేళ్లను ముడిచే తాళ్లవంటివి, తెగిపోయాయి. ఆపరేషన్ చేసి కలిపారు. పుండు చక్కగా మానింది. కాని ఇంట్లో ఆయనను కాలు కింద పెట్టనివ్వలేదు. భార్య అన్నం కలిపి పెట్టేది, కొడుకు గుండీలు పెట్టేవాడు. చెప్పిన వ్యాయామాలు "నొప్పి పుడుతుంది పాపం" అని మాన్పించారు. రెండు నెలలకు వచ్చేసరికి వేళ్లు కర్రల్లా బిగుసుకుపోయి ఉన్నాయి. ఆ తల్లిది ప్రేమే, ఎవరూ కాదనరు. కాని కదలని వేలు కొద్ది వారాల్లోనే బిగుసుకుంటుంది, దాన్ని వదిలించడానికి నెలలు పడుతుంది.

అలాగని తొందరపడినా ముప్పే. కలిపిన నరం మొదటి వారాల్లో చాలా బలహీనంగా ఉంటుంది. స్ప్లింట్ దురద పెడుతోందని విప్పి బిందె ఎత్తితే మళ్లీ తెగుతుంది. మామూలుగా బరువు పనికి 12 వారాల వరకు ఆగాలి. ఏ వారంలో ఎంత కదిలించాలో మేము చెబుతాం. అంతే చేయించండి, తక్కువా వద్దు, ఎక్కువా వద్దు.

ఆయనకు మొదట స్పాంజి నొక్కడం, తరువాత శనగలు ఏరడం. ఆపైన ఖాళీ పాలక్యాను, కొన్ని రోజులకు పావు వంతు నీళ్లు పోసి, ఆ తరువాత సగం. పార కర్రకు పాత సైకిల్ ట్యూబు చుట్టి లావు చేశాం. పిడికిలి పూర్తిగా ముడవలేకపోయినా పట్టు దొరికింది. యజమానితో మాట్లాడితే మొదట ఒకపూట పనికి, మేత వేయడానికి మాత్రమే పెట్టుకున్నారు. మళ్లీ మిషన్ దగ్గరికి వెళ్లే ముందు రెండు సంగతులు నేర్పాం: గడ్డిని చేత్తో లోపలికి తొయ్యకూడదు, ఇరుక్కుంటే కరెంటు ఆపకుండా చెయ్యి పెట్టకూడదు. ఒక వేలు నేటికీ పూర్తిగా ముడవదు. పని మాత్రం చేసుకుంటున్నారు.

వెల్లూరు సి.ఎం.సి. ఆసుపత్రి పేరు మీరు వినే ఉంటారు. అక్కడ డాక్టర్ మేరీ వర్గీస్ అనే యువ వైద్యురాలికి 1954లో రోడ్డు ప్రమాదం జరిగి నడుము కింద స్పర్శ, కదలిక పోయాయి. ఆమె చక్రాల కుర్చీలో కూర్చునే కుష్ఠురోగుల చేతులకు ఆపరేషన్లు చేశారు. తరువాత విదేశాలకు వెళ్లి పునరావాస వైద్యం చదివి వచ్చి, వెల్లూరులో ఆ విభాగం బాధ్యత తీసుకున్నారు. ఆమె కాళ్లు తిరిగి రాలేదు. పని తిరిగి వచ్చింది. కాళ్లు పోయినవారు మీ ఇంట్లో ఉంటే ఆమె పేరు చెప్పండి.

సువార్తల్లో ఊచ చెయ్యి గలవాని సంగతి ఉంది. వైద్యుడైన లూకా ఒక్కడే అది కుడి చెయ్యి అని రాశాడు. పనిచేసే చెయ్యి గనుక గమనించాడేమో అని నాకనిపిస్తుంది. ప్రభువు ఆ చెయ్యి పట్టుకుని లాగలేదు. నువ్వే చాపమన్నాడు.

ఇక డబ్బు సంగతి. పనిలో దెబ్బ తగిలినవారికి యజమాని పరిహారం ఇవ్వాలనే చట్టం 1923లోనే వచ్చింది. 2025 నవంబరు 21 నుంచి అది సామాజిక భద్రత కోడ్‌లో కలిసింది. కాగితాలు, ఎక్స్‌రేలు, బిల్లులు అన్నీ ఒక సంచిలో దాచండి. ఇ.ఎస్.ఐ. కార్డు ఉంటే ముందే చూపించండి. "చెయ్యి బాగైతే పరిహారం తగ్గుతుంది, కదిలించకు" అని కొందరు పక్కనుండి చెబుతారు. ఆ మాట వినకండి. డబ్బు కొన్నాళ్లలో ఖర్చయిపోతుంది. బిగిసిన చెయ్యి అలాగే ఉంటుంది.

స్పర్శ లేని చేతితో వేడి గిన్నెలు ముట్టనివ్వకండి. వాపు ఉంటే చెయ్యి గుండె కన్నా ఎత్తులో దిండు మీద పెట్టించండి. బీడీ, సిగరెట్టు మాన్పించండి, పుండు ఆలస్యంగా మానుతుంది. వేళ్లు నల్లబడినా, నీలంగా మారినా, కట్టు కింద నొప్పి ఎక్కువైనా ఎంత రాత్రయినా తీసుకురండి.

ఈ రోజు భోజనం వచ్చినప్పుడు స్పూనో, ముద్దో, ఆయన చేతికే ఇవ్వండి. గాయపడిన చేతితో వద్దన్నామంటే రెండో చేతితో. సగం కింద పడుతుంది, పడనివ్వండి. రేపు ఇంటి నుంచి వచ్చేటప్పుడు ఆయన పనిముట్టు ఒకటి తీసుకురండి. తాపీ కానీ, కొడవలి కానీ, పూలు కోసే కత్తెర కానీ. ముందు మా గదిలో చూపించండి, దాని పిడి ఎంత లావు చేయాలో కొలుస్తాం.