తోలు ఒలిచిన చేతికి నల్లపుండు

టైడా, అనంతగిరి, అరకు కొండపల్లెల వారూ, పశువైద్య కార్యకర్తలూ ఈ సంగతి కాస్త శ్రద్ధగా వినాలి.

నిన్న సాయంత్రందాకా మేసిన మేక తెల్లవారేసరికి చచ్చిపడి ఉంటుంది. పొట్ట ఉబ్బి, ముక్కునుంచి గడ్డకట్టని నల్లని రక్తం కారుతూంటే అది దొమ్మరోగం కావచ్చును. డాక్టర్లు ఆంత్రాక్స్ అంటారు. పారేయడానికి మనసొప్పదు, మేకంటే సంతలో రొక్కమే గదా! తోలు ఒలుస్తారు, మాంసం పంచుకుంటారు. విశాఖ మన్యంలో ఈ రోగం మనుషులకు పలుమార్లు సోకింది ఇట్లాగే.

కోసినవాని చేతికి చిన్న గీత ఉన్నా చాలు, క్రిమిబీజం లోపలికి దిగుతుంది. అయితే చర్మం ఉత్త తోలుసంచీ కాదు. చోడిచేనుకు మంచెమీద మనిషి ఉన్నట్లు చర్మం పొరల్లో కాపలా కణాలున్నాయి. 1868లో బెర్లిన్‌లో పాల్ లాంగర్‌హాన్స్ అనే వైద్యవిద్యార్థి వీటిలో ఒక రకాన్ని చూచి, నరాలనుకొన్నాడు. అసలు పని తేలడానికి నూరేళ్ళు పైన పట్టింది.

కాపలా కణాలు కేక వేస్తే రక్తంలోని తెల్లకణాలు గుంపుగా వచ్చి మొలకెత్తిన క్రిములను చంపుతాయి. అందుకే ఈ రోగం చాలామందిలో చర్మం దాటిపోదు. కొన్ని కణాలు బీజాన్ని మింగి చంకలోని బిళ్ళకు మోసుకుపోతాయి. దేహానికి శత్రువును గుర్తుపట్టడం నేర్పేది అక్కడే. చిక్కంతా ఇక్కడే ఉంది. మోసుకుపోయే కణంలోనే బీజం మొలకెత్తవచ్చు. ఆ క్రిమి విషం కాపలావాళ్ళనే మొద్దుబరుస్తుంది. అది రక్తంలో పడితే ప్రాణానికే ముప్పు.

సాధారణంగా వారంలోగా పురుగు కుట్టినట్లు దురదపెట్టే పొక్కు లేస్తుంది, నీరుపట్టి, నడుమ నల్లగా మాడుతుంది. చుట్టూ వాపు. నొప్పి మాత్రం ఉండదు! నొప్పి లేదుగదా అని ఊరుకోవద్దు. వాత పెట్టవద్దు, గిల్లవద్దు, కోయవద్దు. మందు పడకపోతే నూటికి 20 మంది దాకా పోవచ్చు. వేళకు యాంటీబయాటిక్ పడితే చావు బహు అరుదు.

చచ్చిన జీవాన్ని కోయకండి. రక్తానికి గాలి తగిలితే క్రిమి బీజంగా మారి నేలలో ఏళ్ళతరబడి ఉంటుంది. పశువుల డాక్టరుకు కబురుపెట్టి, ఆయన చెప్పినట్లు లోతుగా పాతండి, లేదా పూర్తిగా కాల్చండి. రోగం వచ్చిన ఊళ్ళో మందకు ఏటా టీకా వేయించాలి. ఇక పుండుతో ఆసుపత్రికి వెళ్ళినవారు, డాక్టరు అడిగినా అడగకపోయినా, చచ్చిన మేకను కోసిన సంగతి ముందుగా చెప్పండి.