విన్నిపెగ్‌లో ఒక వ్యాను: సార్జెంట్ టామీ ప్రిన్స్ కథ
(యువజన సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



వీరుల గురించి మాట్లాడమని సంఘం వాళ్లు అడిగారు. కొమరం భీం గురించి, గాం గంటం దొర, మల్లు దొరల గురించి ప్రతి ఏడాదీ ఈ వేదిక మీద చెప్పుకుంటూనే ఉన్నాం. ఈసారి చాలా దూరంలో ఉన్న ఒక ఆదివాసీ గురించి చెబుతాను. ఆయన యుద్ధం చేసిన తీరు గొప్పది. కానీ నేను ఎక్కువగా చెప్పాలనుకున్నది ఆయన పెట్టిన చిన్న వ్యాపారం గురించి. అదేమైందో మీరు వినాలి.

పేరు థామస్ జార్జ్ ప్రిన్స్. అందరూ టామీ ప్రిన్స్ అంటారు. కెనడాలో మానిటోబా రాష్ట్రం, ఓజిబ్వే తెగ. 1915 అక్టోబరులో ఒక గుడారంలో పుట్టాడు. పదకొండు మంది సంతానంలో ఒకడు. ముత్తాతల్లో ఒకాయన పెగ్విస్ అనే పెద్ద నాయకుడు, 1817లో తెల్లవాళ్లతో ఒప్పందం మీద గుర్తు పెట్టినవాడు. తండ్రి వేటగాడు. అడుగుల జాడ పట్టడం, గురి చూసి కొట్టడం, చప్పుడు కాకుండా నడవడం టామీకి తండ్రి దగ్గర అబ్బిన చదువు. బడి చదువు ఎల్క్‌హార్న్ అనే ఊళ్లో రెసిడెన్షియల్ స్కూల్లో. లాయరు కావాలని కోరిక. డబ్బుల్లేక ఎనిమిదో తరగతితో చదువు ఆగిపోయింది, అడవిలో చెట్లు కొట్టే పనికి పోయాడు.

ఇక్కడొక మాట చెప్పాలి. ఆ రోజుల్లో కెనడాలో ఇండియన్ యాక్ట్ అని ఒక చట్టం ఉండేది, మారుతూ మారుతూ ఇప్పటికీ ఉంది. 1927 నుంచి 1951 దాకా అందులో ఒక సెక్షన్ ఏమనేదంటే, ఆదివాసీలు తమ భూముల కోసం కేసు వేయడానికి అధికారుల అనుమతి లేకుండా చందాలు పోగుచేస్తే, లాయరుకు ఫీజు ఇస్తే నేరం. లాయరు కావాలనుకున్న కుర్రాడు పెరిగింది ఆ చట్టం కింద. మన దగ్గర 1/70 చట్టం ఉందని, సమతా కేసులో 1997లో సుప్రీంకోర్టు మనవైపు తీర్పిచ్చిందని మనం గట్టిగా చెప్పుకుంటాం. కోర్టు మెట్లెక్కే దారే మూసేస్తే ఎలా ఉంటుందో ఒక్కసారి ఊహించుకోండి.

1940 జూన్‌లో సైన్యంలో చేరాడు. 1942లో పారాట్రూపర్ శిక్షణకు తనంతట తానే ముందుకొచ్చాడు. అక్కడి నుంచి అమెరికా, కెనడా సైనికులను కలిపి తయారుచేసిన ప్రత్యేక దళంలోకి వెళ్లాడు. డెవిల్స్ బ్రిగేడ్ అని పేరుపడిన దళం అది.

1944 ఫిబ్రవరి, ఇటలీలో ఆంజియో దగ్గర. శత్రువు స్థావరాలకు 200 మీటర్ల దూరంలో పొలం మధ్య ఒక ఖాళీ ఇల్లు. అక్కడిదాకా దాదాపు 1,400 మీటర్ల టెలిఫోన్ తీగ లాగి, ఒక్కడే కూర్చుని జర్మన్ ఫిరంగులు ఎక్కడున్నాయో వెనక్కి చెబుతున్నాడు. షెల్స్ పడి తీగ తెగింది. ఏం చేశాడో చూడండి. ఇంట్లో దొరికిన రైతు బట్టలు తొడుక్కుని, పార పట్టుకుని, పట్టపగలు పొలంలోకి దిగాడు. కలుపు తీస్తున్నట్టు నటిస్తూ తీగ వెంబడే పోయాడు. తెగిన చోటికి రాగానే బూటు లేసు కట్టుకుంటున్నట్టు వంగి ముడి వేశాడు. పైకి లేచి జర్మన్ల వైపు పిడికిలి ఊపాడు, తర్వాత తన వాళ్ల వైపూ ఊపాడు. నా పొలం నాశనం చేస్తున్నారని తిట్టే రైతులాగా! ఆ తీగ మీద అందిన సమాచారంతోనే నాలుగు జర్మన్ స్థావరాలు ధ్వంసమయ్యాయి. దీనికి మిలిటరీ మెడల్ వచ్చింది.

అదే ఏడాది సెప్టెంబరులో దక్షిణ ఫ్రాన్స్ కొండల్లో శత్రువు శిబిరం జాడ కనిపెట్టి, తిండీ నిద్రా లేకుండా 72 గంటలు తిరిగాడు. దాంతో దాదాపు వెయ్యి మంది జర్మన్లు పట్టుబడ్డారు. అమెరికా వాళ్లు సిల్వర్ స్టార్ ఇచ్చారు. ఈ రెండు పతకాలూ అందుకున్న కెనడియన్లు ఆ యుద్ధం మొత్తంలో ముగ్గురే. 1945 ఫిబ్రవరిలో బకింగ్‌హామ్ ప్యాలెస్‌లో కింగ్ జార్జ్ చేతుల మీదుగా తీసుకున్నాడు. సోదరుడు మోరిస్‌తో కలిసి అక్కడ దిగిన ఫొటో ఉంది, ఇంటర్నెట్‌లో చూడండి. ఇద్దరూ యూనిఫాంలో ఎంత నిబ్బరంగా నిలబడ్డారో!

యుద్ధం అయిపోయింది, ఇంటికొచ్చాడు. సైన్యంలో సార్జెంటు, ఊళ్లో మళ్లీ మామూలు మనిషి. విన్నిపెగ్ పట్నంలో క్లీనింగ్ సర్వీసు పెట్టాడు. మాజీ సైనికుల శాఖ సాయంతో అర టన్ను వ్యాను, సరంజామా కొన్నాడు. వ్యాపారం చిన్నదే, కానీ నడిచింది. లాభాలూ వచ్చాయి. యుద్ధంలో చూపిన ఒడుపు పనిలోనూ చూపినట్టుంది. ఆ వ్యానే అలా నడిచి ఉంటే ఆయన జీవితం ఎలా ఉండేదో అని నాకు చాలాసార్లు అనిపించింది.

1946లో మానిటోబా ఇండియన్ అసోసియేషన్ ఆయన్ను అధ్యక్షుడిగా ఎన్నుకుంది. అప్పుడే ఇండియన్ యాక్ట్ మీద పార్లమెంటు కమిటీ విచారణ మొదలైంది. జాతి కోసం మాట్లాడాలి, ఒట్టావా వెళ్లాలి. వ్యాను, పని స్నేహితులకు అప్పగించి వెళ్లాడు. 1947లో కమిటీ ముందు నిలబడ్డాడు. చట్టం ఎత్తేయాలనీ, పాత ఒప్పందాల్లో ఇచ్చిన మాట నిలబెట్టాలనీ అడిగాడు. ఆయన అడిగినంత జరగలేదు. 1951లో చట్టాన్ని సవరించి, ఇందాక చెప్పిన లాయరు సెక్షన్ తీసేశారు. చట్టం మాత్రం ఉండిపోయింది.

తిరిగొచ్చి చూస్తే వ్యాపారం లేదు. వ్యాను గుద్దేసి పాత ఇనుము కింద అమ్మేశారు.

ఇక్కడ కొంచెం ఆగుదాం. దీన్ని స్నేహితుల ద్రోహం అని వదిలేయడం తేలిక. నేనలా చూడను. ఒక మనిషి రెండు బరువులు మోశాడు. జాతి పని ఒకటి, ఇంటి పొయ్యి ఒకటి. జాతి పనికి పంపినవాళ్లలో ఒక్కరైనా ఆయన లెక్కల పుస్తకం చూసి ఉంటే? నెలకోసారి వెళ్లి వ్యాను తాళం ఎవరి దగ్గరుందో అడిగి ఉంటే? మన ఏజెన్సీ సంతల్లో ఏం చూస్తున్నాం? బోర్డు మీద గిరిజనుడి పేరు, గల్లాపెట్టె దగ్గర వేరొకరు. మన సంఘాల్లోనూ అంతే. ధర్నాకి, ఢిల్లీకి తిరిగే అన్నని పూలదండతో పంపిస్తాం. ఆయన కిరాణా కొట్టు షట్టరు ఎవరు ఎత్తుతున్నారో అడగం. సంఘంలో ఉన్న పిల్లలు వారానికి రెండు పూటలు కొట్లో కూర్చుంటే ఆ అన్న నిశ్చింతగా తిరుగుతాడు కదా.

ఆ తర్వాత ప్రిన్స్ కలప క్యాంపుల్లో, కాంక్రీటు ఫ్యాక్టరీలో పనిచేశాడు. 1950లో కొరియా యుద్ధం రాగానే మళ్లీ చేరాడు. 1951 ఏప్రిల్‌లో కప్యాంగ్ దగ్గర కొండను నిలబెట్టుకున్న బెటాలియన్ ఆయనదే. రెండోసారి కూడా కొరియా వెళ్లాడు, గాయపడ్డాడు. మోకాళ్లు పాడై 1953లో ఇంటికి చేరాడు. 1955లో విన్నిపెగ్ రేవులో మునిగిపోతున్న మనిషిని దూకి బయటికి లాగాడు.

చివరి రోజులు కష్టంగా గడిచాయి. తాగుడు, నొప్పులు, పూటకో పని, సాల్వేషన్ ఆర్మీ వాళ్ల ఆశ్రయంలో గది. పతకాలు కూడా అమ్ముకున్నాడు. దీనికి ఆయన్ని చిన్నచూపు చూసే హక్కు మనలో ఎవరికీ లేదు. 1977 నవంబరులో కన్నుమూశాడు. అంత్యక్రియలకు 500 మందికి పైగా వచ్చారు. ఫ్రాన్స్, ఇటలీ, అమెరికా దేశాల ప్రతినిధులు కూడా నిలబడ్డారు.

ఆ పతకాలు చేతులు మారీ మారీ 2001లో వేలానికి వచ్చాయి. ఈసారి ఇంటివాళ్లు కదిలారు. చందాలు పోగుచేసి 75,000 డాలర్లకు పాడుకుని వెనక్కి తెచ్చుకున్నారు. ఇప్పుడవి విన్నిపెగ్‌లోని మానిటోబా మ్యూజియంలో ఉన్నాయి. 2022లో ఆయన బొమ్మతో కెనడా పోస్టల్ స్టాంపు వచ్చింది.

మన సంఘంలో కొట్లు, ఆటోలు, టిఫిన్ బండ్లు నడుపుతున్నవాళ్లు ఒకసారి చేతులెత్తండి. భోజనాలయ్యాక మీతో విడిగా మాట్లాడాలి. జోహార్.