మన ఒంటి కాపలాదారులు – మాస్ట్ కణాలు

(శింగనమలలో జరిగిన విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను డాక్టరును కాను. ఫైళ్ళు రాసి రిటైరైన గుమాస్తాను. అయినా ఈ విషయం ఎత్తుకోవడానికి కారణముంది. మన ఎర్రనేలల్లో విత్తే చెనక్కాయ, మనం ఉడకబెట్టుకుని, వేయించుకుని, పచ్చడి నూరుకుని తినే చెనక్కాయ, అమెరికా, ఇంగ్లాండులలో కొందరు పిల్లలకు ప్రాణాంతకం. అక్కడ చాలా బడులలోకి దాన్ని తేనివ్వరు. మన మనవలు, మనవరాళ్ళు ఎందరో ఆ దేశాలలోనే పెరుగుతున్నారు. "చెనక్కాయ ఉండలు పంపవద్దు మామయ్యా" అని కోడలు ఫోనులో చెబితే మనకు చిన్నతనంగా ఉంటుంది. కానీ ఆ మాట వెనుక మాస్ట్ కణం అనే చిన్న జీవకణం కథ ఉంది.

1878లో జర్మనీలో పాల్ ఎర్లిక్ తన వైద్య పట్టా పరిశోధనలో కణాలకు రంగులద్ది చూస్తూ, గింజలతో నిండిన కొన్ని కణాలను గుర్తించాడు. బాగా మేసి బలిసినవనుకుని 'మాస్ట్' కణాలన్నాడు. జర్మన్ భాషలో ఆ మాటకు పశువులను మేపి బలిపించడమని అర్థం. నిజానికి ఆ గింజలు అవి తిన్నవి కావు, స్వయంగా తయారుచేసుకున్న మందుగుండు. అందులో హిస్టమిన్ అనే పదార్థం ఉంటుందని 1953లో రైలీ, వెస్ట్ అనే శాస్త్రజ్ఞులు చూపించారు.

ఈ కణాలు చర్మంలో, ముక్కులో, ఊపిరితిత్తులలో, పేగులలో, అంటే బయటి ప్రపంచం మనను తాకే ప్రతి వాకిట్లోనూ కాపలా ఉంటాయి. పేగులోని పురుగులను వెళ్ళగొట్టడంలో సాయపడతాయి. తేనెటీగ విషాన్ని, కొన్ని పాముల విషాన్ని విరగ్గొట్టే శక్తి వీటికుందని 2006లో ఎలుకలపై చేసిన ప్రయోగాలలో తేలింది. కాబట్టి వీటిని శత్రువులనుకోరాదు.

మరి చిక్కెక్కడ? 1966లో అమెరికాలో ఇషిజాకా అనే జపాన్ దంపతులు ఐజీఈ అనే ప్రతిరక్షకాన్ని కనుగొన్నారు. అది మాస్ట్ కణానికి అతుక్కుని ఉంటుంది. మన ఆఫీసు భాషలో చెప్పాలంటే, ఫలానా శత్రువు పేరుమీద జారీ అయిన వారంటు. ఒక్కోసారి ఆ వారంటు నిరపరాధి పేరుమీద జారీ అవుతుంది. చెనక్కాయో, పుప్పొడో, ఒక ఇంజెక్షనో! ఆ పేరుగలవాడు మళ్ళీ కనబడగానే కాపలాదారు మందుగుండంతా ఒక్కసారి పేల్చేస్తాడు. చర్మంలో పేలితే దద్దుర్లు, ముక్కులో తుమ్ములు, ఊపిరితిత్తుల్లో ఆయాసం. ఒళ్ళంతా ఒకేసారి పేలితే గొంతు వాచి, రక్తపోటు పడిపోయి, నిమిషాలలో ప్రాణం మీదికి వస్తుంది. దీన్నే అనాఫిలాక్సిస్ అంటారు.

చెనక్కాయ విషయానికి వద్దాం. పసిపిల్లలకు పెట్టకుండా ఉంటే మంచిదని పాశ్చాత్య వైద్యులు చాలాకాలం చెప్పారు. లండన్‌లో ఎగ్జిమా లేక గుడ్డు పడకపోవడం ఉన్న 640 మంది పసివారిని రెండు జట్లు చేసి చూశారు. 2015లో ఫలితం వచ్చింది. ఐదేళ్ళు నిండేసరికి, చెనక్కాయ మానిపించిన జట్టులో నూటికి 17 మందికి అది పడలేదు. తొలి ఏడాదినుంచే తిన్న జట్టులో నూటికి ముగ్గురికే. నోటిద్వారా ముందుగా పరిచయమైన వస్తువును శరీరం తనదిగా ఒప్పుకుంటుందన్నమాట. అయితే పసివారికి గింజ పెట్టరాదు, గొంతులో అడ్డుపడుతుంది. మెత్తని పొడిగానో, ముద్దగానో కలిపి పెట్టాలి. తీవ్రమైన ఎగ్జిమా ఉన్న బిడ్డకైతే ముందు డాక్టరును అడగాలి. ఇప్పటికే పడదని తేలిన బిడ్డకు "కొంచెం తింటే ఏమవుతుందిలే" అని తినిపించడం మాత్రం ఎన్నటికీ కూడదు.

ఇక మన సంగతి. తేనెటీగలు కుట్టినా, కొత్త మందు వాడినా వెంటనే దద్దుర్లతోబాటు ఊపిరాడకపోవడం, గొంతు బిగియడం, కళ్ళు తిరగడం కనబడితే ఆలస్యం చేయరాదు. దీనికి ప్రాణం నిలిపే మొదటి మందు తొడ కండరంలో ఇచ్చే అడ్రినలిన్ ఇంజెక్షను. ఎవిల్ మాత్ర దురద తగ్గిస్తుందే గాని ప్రాణం కాపాడదు. 108కు ఫోన్ చేయండి. అనంతపురం పెద్దాసుపత్రి దాకా పోయేలోగా పరిస్థితి చేయిదాటవచ్చు, కాబట్టి ముందు దగ్గరున్న ఆరోగ్య కేంద్రానికి చేర్చండి. మనిషిని పడుకోబెట్టి కాళ్ళు ఎత్తుగా ఉంచాలి, లేపి నడిపించరాదు. ఊపిరాడకపోతే కూర్చోబెట్టవచ్చు. కొన్ని గంటల తర్వాత మళ్ళీ తిరగబెట్టవచ్చు గనుక, నెమ్మదించగానే ఇంటికి వచ్చేయరాదు.

మరి రెండు మాటలు. మనలో చాలామంది బీపీకి, గుండెకు అటెనొలాల్ వంటి మాత్రలు వాడుతున్నాం. అవి వాడేవారిలో అడ్రినలిన్ సరిగా పనిచేయకపోవచ్చు. అలాగని మాత్ర సొంతంగా మానకండి. వాడుతున్నామని డాక్టరుకు ముందే చెప్పండి. అలాగే ఎవిల్ వంటి పాత మాత్రలు మత్తునిస్తాయి, ప్రోస్టేట్ బాధ ఉన్నవారికి మూత్రం బిగిస్తాయి. దుకాణంలో అడిగి కొని మింగకండి.

పడని మందు పేరు ఒక చీటీపై రాసి పెన్షను పుస్తకంలో పెట్టుకోండి. ఇంట్లోవారికీ చూపించి ఉంచండి. మన సర్వీసు రిజిస్టరులో ఎర్రసిరా నోటులాగ, అది అక్కరకొచ్చే రోజు ఒకటి ఉండవచ్చు.