ఎవరు చంపిండ్రో ఊరికి తెలుసు, చెప్పేదెవరు?

(గోదావరిఖనిలో సినిమా చర్చ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

సినిమా గురించి మాట్లాడుమన్నరు. కూలి రేట్లు, భూమి, కేసులు ఇన్ని ఉండంగ సినిమా ముచ్చట ఎందుకని కొందరికి అనిపించొచ్చు. మన పల్లెల్ల పత్రిక చదివేటోళ్లు కొందరే. సినిమా చూసేటోళ్లు అందరు. ఊర్లె హత్య జరిగితే దోషి ఎవరు, నోరు విప్పాల్సింది ఎవరు అనే పాఠం మనకు తెలవకుండనే సినిమా నేర్పుతున్నది. బాయిల దిగినోళ్లకు తెలుసు, సర్దారు ముందుగాల కట్టెతోని రూఫు కొట్టి చూస్తడు. డొల్ల శబ్దం వస్తే మనిషిని కిందికి పోనియ్యడు. సినిమాను కూడ అట్లనే కొట్టి చూడాలె.

ఇయ్యాల రెండు సినిమాల గురించి చెప్తా. ఒకటి దూరదేశంది. ఒకటి మన బొగ్గుబాయిల పక్క ఊరి కథ.

ఐరోపా ఖండంలో ఉత్తరం దిక్కున డెన్మార్క్, స్వీడన్, నార్వే దేశాలున్నాయి. అక్కడి నేర కథలకు ప్రపంచమంతా పేరున్నది. 2008లో డెన్మార్క్‌లో హెన్రిక్ రూబెన్ గెంజ్ అనే దర్శకుడు ఒక సినిమా తీసిండు. దాని పేరుకు మన భాషలో 'భయంకరమైన సంతోషం' అని అర్థం. రాజధాని కోపెన్‌హేగన్ నుంచి ఒక పోలీసాయనను దక్షిణ జట్‌లాండ్‌లోని చిన్న పల్లెకు పంపిస్తరు. ఆ ఊరి పక్కన పెద్ద బురద మడుగు ఉంటది. ఊరికి అక్కరలేనిది ఏదైనా ఆ మడుగులో మునుగుతది. మనిషైనా సరే.

ఆ ఊర్లో ఒకడు పెండ్లాన్ని కొడుతుంటడు. కొట్టిన రాత్రి వాళ్ల చిన్నబిడ్డ బొమ్మల బండి తోసుకుంట వీధిలకు వస్తది. ఆ బండి చక్రం కిర్రుకిర్రుమంటది. అది వినబడిందంటే ఆ ఇంట్ల ఏం జరుగుతున్నదో ఊరందరికి తెలుసు. ఒక్కరు కూడ అడ్డం పోరు. న్యాయం చెయ్యాల్సిన పోలీసాయన కూడ నెమ్మదిగా ఆ ఊరి మనిషి అయితడు. అతని చేతులకు కూడ రక్తం అంటుతది. అది ఊరికి తెలుసు. అయినా పట్టియ్యరు. తమలో కలుపుకుంటరు. రహస్యం తెలిసినోడు ఊరు దాటి పోలేడు కదా!

ఈ సినిమాలో హంతకుడు ఎవరని ప్రేక్షకుడు వెతకాల్సిన పని లేదు. తెలిసి కూడ నోరు మూసుకున్న ఊరే అసలు నేరస్తురాలని ఆ దర్శకుడు చెప్పిండు. అది తెల్లోళ్ల ఊరు, అక్కడ మాలవాడ లేదు, మాదిగవాడ లేదు. అయినా ఊరు ఎట్ల ఒక్కటైతదో చూస్తే మనకు కొత్త అనిపియ్యదు.

ఇగ మన సినిమా 'దసరా'. 2023 మార్చి 30న వచ్చింది. దర్శకుడు శ్రీకాంత్ ఓదెల మన గోదావరిఖని ప్రాంతం పిల్లగాడే. సింగరేణి బాయిల పక్కన వీర్లపల్లి అనే ఊరు. ధరణిగా నాని, వెన్నెలగా కీర్తి సురేష్ చేసిండ్రు. పిల్లగాండ్లు గూడ్సు బండి ఎక్కి బొగ్గు దింపుకుంటరు. బొగ్గు దుమ్ము, తాగుడు, సర్పంచ్ ఎన్నికలు, మన మాట మన యాస అన్నీ తెర మీదికొచ్చినై. తెలంగాణ మాట అంటే కమెడియన్‌కో రౌడీకో పెట్టే తెలుగు సినిమాలో ఇది చిన్న సంగతి కాదు. మెచ్చుకోవాల్సిందే.

ఇంకొకటి కూడ చూపెట్టిండు. ఆ ఊర్లె సిల్క్ బార్ అని ఉంటది. తాగేదాంట్ల కూడ కులం. కింది కులాలోళ్లకు లోపలికి రానీకి లేదు. మన ఊర్ల హోటళ్లల్ల రెండు గ్లాసుల పద్ధతి చూసినోళ్లకు ఆ గడప అర్థమైతది. సర్పంచ్ కుర్చీ ఎవరి చేతిల ఉంటే ఊరి బలం వాళ్లదే అన్న సంగతి కూడ సినిమా చెప్పింది.

అయితే డొల్ల శబ్దం ఇక్కడి నుంచే వస్తది. పెండ్లి జరిగిన రాత్రే పెండ్లికొడుకు సూరిని నరికేస్తరు. ఎందుకు? ఎన్నికల పగనా, కులమా అని మనం చూస్తుంటే, చివరికి తేలేది చిన్న నంబి అనే ఒక్కని చెడ్డ కన్ను. వెన్నెల మీద వాడు మనసు పడ్డడు, అందుకని చంపించిండు. వాన్ని కూడ ధరణి దసరా నాడు నరికేస్తే లెక్క సరిపోయింది. మరి బార్ గడప ఏమైంది? దాన్ని కాపాడిన ఊరి పెద్దలు ఏమైండ్రు? ఒక్క చెడ్డోడు చస్తే ఊరు మంచిదైపోయిందా?

వెన్నెల సంగతి చూడుండ్రి. మొగుడు చచ్చిన దుఃఖంల ఉన్న ఆడమనిషి మెడల ధరణి తాళి కడతడు. కాపాడనీకే కట్టిండంటరు. ఆమెను ఎవరూ అడగలేదు. అంగన్‌వాడీ టీచరు, నాలుగు అక్షరాలు వచ్చిన మనిషి, కోర్టులో నిలబడి చెప్పగలిగిన మనిషి. ఆమె నోటి సాక్ష్యం ఈ కథకు అక్కరకు రాలేదు. కథకు కత్తే కావాలె.

మిత్రులారా, థ్రిల్లర్ సినిమాలో హంతకుడు ఆఖరి రీలు దాకా దొరకడు. మన ఊర్ల అట్ల ఎప్పుడన్నా అయ్యిందా? చంపినోడు ఎవరో తెల్లారేసరికి ఊరందరికి తెలుసు. దొరకంది సాక్షి.

చుండూరు చూడుండ్రి. అప్పటి గుంటూరు జిల్లాల ఆ గొడవ మొదలైందే సినిమా హాల్లో. 1991 జులైలో ఒక దళిత యువకుని కాలు అగ్రకుల యువకునికి తాకింది. అంతే. దళితవాడను వెలివేసిండ్రు. ఆగస్టు 6న ఎనిమిది మందిని చంపి, శవాలను గోనెసంచుల్ల కట్టి తుంగభద్ర కాలువల పడేసిండ్రు. డెన్మార్క్ సినిమాల బురద మడుగు ఉన్నది కదా, మన దగ్గర అది కాలువ. చుండూరు బాధితులు కొట్లాడి ప్రత్యేక కోర్టును ఆ ఊర్లెనే పెట్టించుకున్నరు. ఏండ్లకేండ్లు సాక్షులు నిలబడ్డరు. 2007 జులై 31న 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది శిక్ష పడ్డది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందరినీ వదిలిపెట్టింది. చావు ఎప్పుడు జరిగింది, ఎక్కడ జరిగింది, ఎవరు చేసిండ్రు అనేవి రుజువు కాలేదన్నది. ఎనిమిది శవాలు లేచినయి గని, కోర్టు లెక్కల చంపినోడు లేడు!

మన దగ్గరి ముచ్చట. 2021 ఫిబ్రవరి 17న రామగిరి మండలం కల్వచర్ల దగ్గర పట్టపగలు రోడ్డు మీద న్యాయవాదులైన భార్యాభర్తలను నరికి చంపిండ్రు. దారిన పోయేటోళ్లు చూసిండ్రు, ఫోన్లల్ల తీసిండ్రు. తీసినందుకు మంచిదే, అది కూడ సాక్ష్యమే. కాని ఫోన్ల తీసిన చెయ్యి కోర్టుల సంతకం పెట్టేదాక రావాలె. చూసుడు వేరు, చెప్పుడు వేరు.

చెప్పినోన్ని బతకనిస్తరా అని అడుగుతరు. సరైన ప్రశ్న. కూలి వాళ్ల దగ్గర, ఇల్లు వాళ్ల ఊర్ల, అప్పు వాళ్ల చేతిల. సాక్షిని పిరికోడు అని తిట్టుడు నా పని కాదు. ఒంటరిగ విడిచిపెట్టినప్పుడు ఎవరైనా భయపడతరు. అందుకనే చట్టం ఏమంటున్నదో ప్రతి వాడల తెలవాలె.

1989 అట్రాసిటీ చట్టానికి 2015లో చేసిన సవరణ 2016 జనవరి 26 నుంచి అమల్లో ఉన్నది. దాంట్ల 15ఏ అనే సెక్షను బాధితులకు, సాక్షులకు హక్కులిచ్చింది. బెదిరింపుల నుంచి రక్షణ ఇయ్యాలె. కోర్టుకు పోయొచ్చే ఖర్చు, తిండి ఖర్చు ఇయ్యాలె. విచారణ వీడియో తియ్యాలె. ఎఫ్ఐఆర్ నకలు వెంటనే, ఉచితంగ ఇయ్యాలె. నోటితో చెప్పిన ఫిర్యాదును రాసుకొని, చదివి వినిపించినాకనే సంతకం తీసుకోవాలె. ఎస్సీ, ఎస్టీ కాని అధికారి కావాలని ఈ పని చెయ్యకపోతే నాలుగో సెక్షను కింద ఆరు నెలల నుంచి ఏడాది దాక జైలు. దర్యాప్తు డీఎస్పీకి తక్కువ కాని అధికారే చెయ్యాలె. జిల్లాల విజిలెన్స్ కమిటీ మూడు నెలలకొకసారన్నా కూర్చోవాలె. కూర్చుంటున్నదా? అడిగేటోడు ఉంటే కూర్చుంటది.

కార్యకర్తలకు ఒక మాట. దాడి జరిగిన రాత్రే కూర్చోండ్రి. ఎవరు చూసిండ్రు, ఎన్ని గంటలకు, ఏ చెట్టు కాడ, ఎంత వెలుతురు ఉండె, అన్నీ రాయుండ్రి. నెల పోతే మాటలు కలిసిపోతయి, కోర్టుల వకీలు అక్కడనే పట్టుకుంటడు. సాక్షిని ఒక్కన్ని పంపకుండ్రి. ఇద్దరు తోడు పోవాలె. ఆ దినం కూలి సంఘం ఇయ్యాలె. సాక్షి ఆడమనిషి అయితే ఆమె మాట ఆమెనే చెప్పనియ్యుండ్రి, ఆమె తరఫున మనం చెప్పబోవద్దు.

సినిమాలు చూడుండ్రి, మంచిగున్నది మెచ్చుకోండ్రి. హీరో కత్తి ఎత్తినప్పుడు ఈల కూడ వెయ్యుండ్రి. కాని లైట్లు వెలిగినాక ఒక్కటి అడగండ్రి: ఇంతమంది చూసిన ఊర్ల ఒక్కడు కూడ ఎందుకు చెప్పలేదు? అదే ప్రశ్న మన ఊరికి పట్టుకపోండ్రి. నోరు మూసిన ఊర్లె హంతకునికి కత్తి దాచాల్సిన పని లేదు.

జై భీమ్!