పల్లెబడిలో ప్రతిభావంతులగు బాలబాలికలు

ఏ బడిలో చూచినను, ఏ తరగతిలో చూచినను, ఉపాధ్యాయుడు లెక్క చెప్పి ముగింపకమునుపే జవాబు చెప్పగల బిడ్డలు ఒకరిద్దఱుందురు. తక్కినవారు ఆ లెక్క చేయుచున్నంత సేపును వారికి పని యుండదు. పుస్తకము మూసికొని కిటికీలోనుండి చెట్టుమీది కాకులను లెక్కించుచు కూర్చుందురు. ఈ ఖాళీ కాలమును గూర్చియే నేడు మీతో ముచ్చటింప దలచితిని.

2009 నాటి విద్యాహక్కు చట్టము ఆఱవ తరగతి మొదలు ఎనిమిదవ తరగతి వఱకు ఏటికి 220 పనిదినములు నిర్ణయించినది. దినమునకు ఒక్క గంట వ్యర్థమగునని యెంచినను, మూడేండ్లలో 660 గంటలగును. చెఱువు గట్టుకు చిల్లి పడినచో ఊరంతయు పలుగు పాఱలతో పరుగెత్తుదుము. ఈ చిల్లి కంటికి కనబడదు గనుక ఎవరును కదలరు.

ఊఱక కూర్చున్న చుఱుకైన బిడ్డకు మూడు గతులు కలవు. కొందఱు అల్లరికి దిగి దుడుకువారని పేరు తెచ్చుకొందురు. కొందఱు ఉపాధ్యాయునికి చేదోడై, సుద్దముక్కలు తెచ్చుటతోను, హాజరుపట్టీ మోయుటతోను పొద్దు పుచ్చుదురు. మూడవ గతి పైకి మంచిదిగా తోచును గాని నిజమునకు అదియే మిక్కిలి హానికరము. శ్రమ పడకయే మొదటి స్థానము దొరకునని ఆ బిడ్డ నేర్చుకొనును. అట్టివానికి తొమ్మిదవ తరగతిలోనో ఆ పైననో నిజముగా కఠినమైన విషయము ఎదురైననాడు కాళ్లాడవు. కష్టపడుట యెఱుగనివానికి మొదటి కష్టమే కడపటిదగును.

పూర్వము మన వీథిబడులలో ఈ చిక్కు ఇంతగా లేదు. ఒకడు ఇసుకలో ఓనమాలు దిద్దుచుండగా, ప్రక్కనే వేఱొకడు ఎక్కములు వల్లించుచుండును. ఇంకొకడు అమరము చదువుచుండును. ఎవని నడక వానిదే. పై చదువు చదువువాడు క్రిందివానికి నేర్పును. చెన్నపట్టణమున సైనికుల బిడ్డలకై యేర్పడిన శరణాలయమును నడపిన ఆండ్రూ బెల్ అను నతడు, మన బడిపిల్లలు ఇసుకలో వ్రాయుట చూచి, ఆ తీరును తన బడిలో ప్రవేశపెట్టి, 1797లో దానిని గూర్చి గ్రంథము ప్రకటించెను. ఇంగ్లండులో దానికి మద్రాసు పద్ధతియని పేరు వచ్చినది. 1823లో బళ్లారి కలెక్టరు కాంబెల్ దొరయు తన నివేదికలో, పెద్ద పిల్లలచేత చిన్నవారికి చెప్పించు ఈ పద్ధతిని మెచ్చుకొనెను. ఆ బడులలో దోషములు లేవని నేననను. అర్థమెఱుగని వల్లెవేత యుండెను. బాలికలకును అనేక కులములవారికిని ఆ అరుగు అందలేదు. తరగతుల బడులు వచ్చి, చదువు అందఱి వాకిటికిని చేరినది. ఇది గొప్ప లాభము. కాని ఆ లాభముతోబాటు అందఱి నడకయు ఒక్కటే కావలసివచ్చినది.

ఈ కొఱతను ప్రభుత్వములు గుర్తింపకపోలేదు. 1971లో పి.వి. నరసింహారావుగారు ముఖ్యమంత్రిగా నున్నప్పుడు నల్లగొండ జిల్లా సర్వేలులో గురుకుల పాఠశాల వెలసినది. మఱుసటి యేడు తాడికొండలోను కొడిగెనహళ్లిలోను అట్టివి నెలకొన్నవి. 1986 నాటి జాతీయ విద్యావిధానము వలన నవోదయ విద్యాలయములు వచ్చినవి. వాని సీట్లలో నూటికి 75 గ్రామీణ బాలబాలికలవే. ఎందఱో పేదబిడ్డలు ఈ మార్గమున పైకి వచ్చిరి. కాని ఒక నవోదయ విద్యాలయము ఆఱవ తరగతిలో ఏటికి చేర్చుకొనునది 80 మందిని మాత్రమే. జిల్లాలోని వేలకొలది పిల్లలలో ఎనుబదిమంది పోగా, తక్కినవారు మన యూరి బడిలోనే యుందురు. 2022 వఱకు విశాఖపట్టణము జిల్లాలో నుండి, ఇప్పుడు అనకాపల్లి జిల్లాలో చేరిన కె.కోటపాడు వంటి చోట, చుట్టుప్రక్కల పల్లెలనుండి నడిచియో ఆటోలో ఇఱుకుకొనియో బడికి వచ్చు ఆ బిడ్డల గతి యేమి? వారిని ఊరు దాటింపకయే, ఉన్న బడిలోనే అధికవిద్య నేర్పవచ్చునా? నేర్పవచ్చునని నా దృఢ విశ్వాసము. 2020 నాటి జాతీయ విద్యావిధానము గూడ, విశేషమైన ఆసక్తియు ప్రతిభయు గల పిల్లలకు ఉపాధ్యాయులు అదనపు పాఠ్యసామగ్రి నీయవలెననియు, బడులలో విషయమునుబట్టి సంఘములు ఏర్పఱుపవలెననియు చెప్పినది.

అధికవిద్య యనగా నేమి? ఏడవ తరగతి బిడ్డకు ఎనిమిదవ తరగతి పాఠము ముందే చెప్పుట కాదు. అట్లు చేసినచో వచ్చు సంవత్సరము మఱింత ఖాళీ మిగులును. పరీక్ష ప్రశ్నలను వందలకొలది వల్లింపజేయుటయు కాదు. కాలువను పొడిగించుట వేఱు, బావిని లోతు చేయుట వేఱు. మనకు కావలసినది లోతు.

ఒక ఉదాహరణము చెప్పెదను. పదునొకండవ శతాబ్దివాడగు పావులూరి మల్లన, మహావీరాచార్యుని సంస్కృత గణితమును తెనిగించెను. చదరంగపు అఱువదినాలుగు గడులలో మొదటి దానియందు ఒక గింజ, రెండవ దానియందు రెండు, మూడవ దానియందు నాలుగు, ఇట్లు రెట్టింపుచేయుచు పోగా మొత్తమెంతయని చెప్పు పద్యమొకటి ఆయన పేర తెలుగునాట వాడుకలో నున్నది. అందలి అంకెలన్నియు మాటలలో దాగియుండును. ఆకాశమనగా సున్న, నేత్రములనగా రెండు, వేదములనగా నాలుగు, బాణములనగా ఐదు. ఎడమనుండి చదివి, కుడినుండి వ్రాసికొనవలెను. ఏడవ తరగతిలో ఘాతములు నేర్చుకొను తెలివిగల బిడ్డకు ఈ పద్యము నిచ్చి విప్పుమనుడు. 1,84,46,74,40,73,70,95,51,615 అను సంఖ్య బయటపడును. అంతటితో నిలువక, వేయి బియ్యపు గింజలు తూచి రమ్మనుడు. అవి ఇంచుమించు 20 గ్రాములు తూగినచో, ఆ రాశి 36,000 కోట్ల టన్నులకు పైబడును. ప్రపంచమంతయు నేడు ఏటేట పండించు బియ్యము 50 కోట్ల టన్నులకు కొంచెము పైన. కాగా ఆ చిన్న పలకపై పట్టవలసినది ఏడువందల యేండ్ల పంట! ఒక్క పద్యములో భాష, గణితము, భూగోళము మూడును కలిసినవి. ఖర్చు పిడికెడు బియ్యము.

మఱియొక ఉదాహరణము మన పొలములోనిది. చోడవరము, అనకాపల్లి ప్రాంతమున బెల్లపు వంట చూడని బిడ్డ అరుదు. చూచుట వేఱు, ప్రశ్నించుట వేఱు. టన్ను చెఱకునకు సుమారు నూఱు కిలోల బెల్లము దిగినచో, తక్కిన తొమ్మిదివందల కిలోలు ఏమైనవి? పిప్పి యెంత, ఆవిరియైన నీరెంత? రసములో సున్నమేల వేయుదురు? పాకపు చుక్కను చన్నీటిలో వేసి చూచి దింపువాడు దేనిని గుఱుతు పట్టుచున్నాడు? ఆ గుఱుతు ఇంచుమించు 118 డిగ్రీల వేడియని శాస్త్రజ్ఞులు కొలిచిరి. అక్షరము రాని వంటవాడు కంటితోనే కొలుచుచున్నాడు. ఈ ప్రశ్నలతో నలుగురు పిల్లలు మూడు వారములు తిరిగి, తూచి, వ్రాసి, తరగతి యెదుట నిలిచి చెప్పినచో, శాతముల పాఠమును రసాయనశాస్త్రమును వారికి మఱల చెప్పవలసిన పని యుండదు. తమ తండ్రుల వృత్తిలో శాస్త్రమున్నదన్న గౌరవమును గూడ వారు నేర్చుకొందురు.

ఇక ఎవరిని ఎన్నుకొనవలెనన్న ప్రశ్న. ఇందే పెక్కుమంది పొరపడుదురు. అమెరికాలో టెర్మన్ అను పండితుడు 1921లో బుద్ధిపరీక్షలు పెట్టి, ఇంచుమించు పదునైదు వందల మంది మేధావులగు బాలబాలికలను ఏఱి, వారి జీవితములను దీర్ఘకాలము పరిశీలించెను. ఆ పరీక్షలో చాలినన్ని మార్కులు రాక త్రోసివేయబడిన ఇద్దఱు బాలురు షాక్లీ, ఆల్వరెజ్ అనువారు. మొదటివాడు 1956లోను, రెండవవాడు 1968లోను భౌతికశాస్త్రమున నోబెలు బహుమానము పొందిరి. ఏఱుకొన్నవారిలో ఒక్కరికిని అది రాలేదు! ఒక్క పరీక్షతో బిడ్డ తలరాత వ్రాయరాదనుటకు ఇంతకంటె సాక్ష్యమేల?

1978లో రెంజుల్లి అను వేఱొక పండితుడు సగటునకు మించిన తెలివి, చేపట్టిన పనియందు పట్టుదల, క్రొత్తదనమును కల్పించు శక్తి అను మూడును కలిసినచోటనే ప్రతిభ ప్రకాశించునని చెప్పెను. మన మమ్మటుడు పదునొకండవ శతాబ్దిలోనే కావ్యమునకు శక్తి, నిపుణత, అభ్యాసము మూడును కలిసి ఒక్క కారణమని నిర్ణయించియుండెను. పుట్టుకతో వచ్చిన శక్తి యొక్కటే చాలదని ఇరువురి తాత్పర్యము. కాబట్టి మార్కుల పట్టికతో సరిపెట్టుకొనక, అడిగిన ప్రశ్నలను, తప్పు జవాబునకు వచ్చినను క్రొత్త దారి త్రొక్కిన లెక్కను, సంతలో తల్లి ప్రక్కన కూర్చుండి చిల్లర తప్పక లెక్కచెప్పు చిన్నదానిని గూడ చూడవలెను. కడపటి వరుసలో నోరు మెదపక కూర్చుండు బాలికల నోటుపుస్తకములలో ఎంత తెలివి దాగియుండునో చూచినవారికే తెలియును. ఎన్నిక శాశ్వతము కారాదు. మూడు నెలలకొకమాఱు తలుపు తెఱచి, ఆసక్తి చూపినవారిని లోనికి రానీయవలెను.

నడపు విధానము సులభమైనది. వారమునకు రెండు దినములు, కడపటి గంట. ఆఱు, ఏడు, ఎనిమిది తరగతులనుండి కలిపి పది పండ్రెండుమంది. సాయంకాలము బడి విడిచిన పిమ్మట పెట్టరాదు. దూరపు పల్లెల బిడ్డలు, ముఖ్యముగా ఆడపిల్లలు, పొద్దు గ్రుంకకమునుపే ఇల్లు చేరవలెను గదా. ఒక్కొక్కరికి ఒక పుస్తకము. అందు మొదటి పుటలో తాను పట్టుకొన్న ప్రశ్న, తరువాత తాను చూచినది, కొలిచినది, కడపట తనకింకను తెలియనిది. ఉపాధ్యాయుడు జవాబు చెప్పుటకు తొందరపడరాదు. ఒక నియమము మాత్రము విడువరాదు: ఈ గుంపు నేర్చినది నెలకొకమాఱు తమ తరగతికి తిరిగి చెప్పవలెను. వీథిబడిలో పెద్దవాడు చిన్నవానికి నేర్పినట్లే.

అందఱు బిడ్డలును సమానులు గదా, కొందఱికేల ఈ విశేషమని మీరడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. చదువులో వెనుకబడినవానికి అదనపు బోధ నిచ్చుట నా మతమున మొదటి ధర్మము. దానికి లోపము చేసి దీనిని నడపరాదు. కాని పంక్తిలో అందఱికిని ఒక్కటే కొలతగా వడ్డించుట సమానత కాదు; ఎవరి ఆకలి తీరునట్లు వారికి వడ్డించుట సమానత. పైగా ధనవంతుని బిడ్డకు బడిలో దొరకనిది పట్టణములో కొనియిత్తురు. కూలివాని బిడ్డకు ఊరిబడి తప్ప వేఱు గతి లేదు. పల్లెబడిలో అధికవిద్య లేకున్నచో నష్టపోవునది ఆ బిడ్డయే.

నేనెఱిగిన బాలుడొకడు ఎనిమిదవ తరగతిలో నేను పెట్టిన జ్యామితి సమస్యను నాకు తెలియని దారిలో సాధించెను. ఆ వేసవిలో విశాఖకు తాపీపనికి వెళ్లి మఱి బడికి రాలేదు. నేడు గోడ తూకము చూచుటలో వానికి సాటి లేరందురు. ఆ పనియందు నాకు గౌరవమే కాని, ఏ పని చేయవలెనో ఎంచుకొను అవకాశము వానికి లేకపోయెను గదాయని చింతించుచుందును.

ఇట్టి బిడ్డలు ఎనిమిదవ తరగతితో చదువు మానకుండుటకే 2008లో జాతీయ ఉపకారవేతన పథకము ప్రారంభమైనది. ఎనిమిదవ తరగతి చదువు ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడు బడుల పిల్లలు ఆ పరీక్షకు కూర్చుండవచ్చును. నెగ్గినవారికి తొమ్మిది మొదలు పండ్రెండవ తరగతి వఱకు ఏటికి 12,000 రూపాయలు, నాలుగేండ్లకు 48,000 రూపాయలు లభించును. తర్కమునకు 90 ప్రశ్నలు, పాఠ్యవిషయములకు 90 ప్రశ్నలు. వల్లెవేతకంటె ఆలోచన అలవడినవారికే ఇది తేలిక.

పెద్దలారా, ఇందు మీరు చేయదగినవి మూడు కలవు. ఆదాయపు ధ్రువపత్రము, బ్యాంకు ఖాతా లేక ఏ బిడ్డయు ఆ పరీక్షకు దూరము కాకుండ ముందే తోడ్పడుడు. మీ వృత్తిరహస్యములను బడికి వచ్చి చెప్పుడు. వడ్రంగి, కుమ్మరి, పశువైద్యము తెలిసిన రైతు, వీరందఱును ఆ పండ్రెండుమందికి గురువులే. మూడవది అన్నిటికంటె ముఖ్యమైనది: తెలివిగల ఆడపిల్లను ఎనిమిదవ తరగతి కాగానే ఇంటిపనికో పెండ్లికో మాన్పింపదలచిన తండ్రి మీ అరుగుమీదికి వచ్చినప్పుడు, మౌనముగా ఊరకుండకుడు. ఉపాధ్యాయుని మాట ఆ తండ్రి చెవికెక్కకపోవచ్చును. మీ మాట ఎక్కును.