ఫోకస్ యాప్ ఎందుకండీ, ఆరు పేర్లు చాలు

"అన్నా, ఆఫీసులో పని మీద ధ్యాస నిలవట్లేదు, మంచి ఫోకస్ యాప్ ఒకటి చెప్పు." నేను దేని మీద వీడియో పెట్టినా కింద ఇదే అడుగుతున్నారు. దీనికి బయట దొరికే సలహా ఏంటంటే, ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో పడేయమని. అది వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ఇంట్లో బీపీ ఉన్న నాన్న, స్కూల్లో చిన్నపాప ఉన్న మనిషి ఫోన్ కట్టేసి కూర్చుంటే ధ్యాస పని మీద ఉంటుందా? ఇంటి మీదే ఉంటుంది.

డూ నాట్ డిస్టర్బ్ ఆన్ చేయడం మీకు తెలిసిందే, అది వదిలేద్దాం. అందులోకి వెళ్ళి పీపుల్, ఆ తర్వాత కాల్స్ నొక్కండి. కొన్ని కొత్త ఫోన్లలో ఇది మోడ్స్ కింద ఉంటుంది. అక్కడ స్టార్డ్ కాంటాక్ట్స్ పెట్టుకోండి. ఇక కాంటాక్ట్స్‌లో మీరు ఎవరి పేరు పక్కన స్టార్ పెడితే వాళ్ళ కాల్ మాత్రమే మోగుతుంది. ముందు పేర్లు రాసుకోండి, తర్వాతే ఫోన్ ముట్టుకోండి. కాగితం మీదే రాయండి.

ఎందుకంత గట్టిగా చెబుతున్నానంటే, పగలు నాది అకౌంట్స్ పని. ప్రతి నెలా 20వ తారీఖు జీఎస్టీ రిటర్న్, అంటే జీఎస్టీఆర్-3బి గడువు. దాటితే రోజుకు 50 రూపాయల లేట్ ఫీజు, పైన వడ్డీ. ఒకసారి ఆ రోజే, ఇన్‌పుట్ క్రెడిట్ అంకె కొడుతుంటే, ఆఫీసు గ్రూపులో ఎవరిదో పుట్టినరోజు. టింగు టింగుమని ఒకటే మోత. తల తిప్పి చూసి, మళ్ళీ తిరిగి, ఒక సున్నా తక్కువ కొట్టేశాను. ఓటీపీ వచ్చింది, ఫైల్ అయిపోయింది. 3బి ఒకసారి ఫైల్ చేస్తే దిద్దే వీల్లేదండి, తర్వాతి నెలలో సర్దుకోవాల్సిందే. క్లయింటుకు అది చెప్పడానికి ఫోన్ పట్టుకుంటే నా చెయ్యి వణికింది.

ఆ రాత్రి కూర్చుని రాశాను: రేపటి పని ఆగిపోకుండా ఎవరి మాట నాకు తప్పనిసరి? అమ్మ, నాన్న, మా ఆవిడ, పాప స్కూలు, మా సీనియర్, ఆ రోజు ఎవరి రిటర్న్ చేస్తున్నానో ఆ క్లయింటు. ఆరే. ఆరో పేరు రోజూ మారుతుంది, పొద్దున్నే స్టార్ మారుస్తాను. అసలు ఈ రోజు ఏ పని ముఖ్యమో నాకు తేలేది ఆ స్టార్ పెట్టేటప్పుడే.

మరి స్టార్ లేనివాళ్ళకి నిజంగా అవసరం పడితే? అక్కడే రిపీట్ కాలర్స్ ఉంది, ఆన్ చేయండి. ఆండ్రాయిడ్‌లో అదే నంబరు నుంచి 15 నిమిషాల్లోపు రెండోసారి చేస్తే మోగుతుంది. ఐఫోన్ ఫోకస్‌లో అయితే 3 నిమిషాలు. ఓటీపీలు ఎక్కడికీ పోవు, చప్పుడు చేయకుండా వచ్చి మెసేజుల్లో ఉంటాయి.

ఇంకొకటి. 2017లో ఆండ్రాయిడ్ 8 నుంచి నోటిఫికేషన్లకి ఛానెల్స్ వచ్చాయి. వచ్చిన నోటిఫికేషన్‌ని నొక్కి పట్టుకుంటే ఆఫర్లు మాత్రం ఆపి, డెలివరీ కబురు ఉంచుకోవచ్చు. కానీ నేను డబ్బు పోసి కొన్న ఒక ఫోన్‌లో, పేరు చెప్పను, కంపెనీ సొంత యాపే ప్రకటనల్నీ పనికొచ్చే కబుర్లనీ ఒకే ఛానెల్‌లో కలిపేసింది. ఒకటి ఆపితే రెండూ ఆగిపోతాయి. ఇది కొన్నవాడిని మోసం చేయడమే. అలాంటి యాప్ నోటిఫికేషన్లు మొత్తం ఆపేయండి, మొహమాటపడకండి.

మళ్ళీ చెబుతున్నా, మధ్యలో వచ్చినవాళ్ళ కోసం: ముందు పేర్లు, తర్వాత ఫోన్. పెట్టాక పక్క సీటాయన్ని అడిగి ఒక కాల్ చేయించండి. స్టార్ లేదు కాబట్టి మోగకూడదు. వెంటనే ఇంకోసారి చేయమనండి. ఈసారి మోగాలి. మోగకపోతే ఆ రిపీట్ కాలర్స్ ఆన్ కాలేదన్నమాట, వెనక్కి వెళ్ళి చూడండి.