పిట్ట కూరకు సిగ్గెందుకు?

(గూడెంలో తిండి గురించి జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇవాళ మేము పిట్ట కూర గురించి మాట్లాడదామని వచ్చాం. నవ్వకండి. మన తిండి గురించి మనం మాట్లాడుకోకపోతే ఇంకొకరు మాట్లాడతారు, అదీ ముక్కు మూసుకొని.

మా చిన్నప్పుడు చేలు కోతకొచ్చే నాటికి మా అయ్యలు ఉచ్చులు పేనేవాళ్ళు. ఒకరోజు పూరేడు పడేది, ఒకరోజు కౌజు పడేది, చాలా రోజులు ఏదీ పడేది కాదు. రెండు పిట్టలు దొరికితే ఇంటిల్లిపాదికీ పులుసు. తెల్లారి బడిలో అయ్యవారు "రాత్రి ఏం కూర్రా?" అంటే "పప్పండీ" అని అబద్ధమాడేవాళ్ళం. అదే పిట్ట దొర బంగళాలో ఉడికితే షికారు విందు. మా కుండలో ఉడికితే నీచు. పిట్ట ఒకటే, కుండ వేరు. అంతే గదా తేడా!

పిట్టల్ని మీరే తిని తగ్గించారని మనల్ని అంటారు. లెక్క చూద్దాం. రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌లో 1938 నవంబరు 12న వైస్రాయ్ లిన్‌లిత్‌గో బృందం ఒక్కరోజులో 4,273 పిట్టల్ని కాల్చింది. ఆ లెక్కను గొప్పగా రాతి మీద చెక్కించారు కూడా. మా తాతల ఉచ్చుల లెక్క ఏ రాయి మీదా లేదు. వాళ్ళు ఆ పూట కూరకే పట్టారు. ఇవాళ పొదలు కొట్టేశారు, బంజర్లు దున్నేశారు, చేల నిండా పురుగుమందు. పిట్ట ఎక్కడ గుడ్డు పెట్టాలి, ఏం తినాలి?

అయినా ఒక మాట గట్టిగా చెప్తున్నాం. అడవి పిట్టకు ఇక ఉచ్చు వేయొద్దు. ఉన్నవే కొద్ది. పైగా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది నేరం. మూడేళ్ళ దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. ఆ జరిమానా ఒకప్పుడు 25 వేల దాకా ఉండేది, 2022 సవరణ దాన్ని లక్ష దాకా పెంచింది. లక్ష రూపాయలు మనలో ఎవరింట్లో ఉన్నాయి? తుపాకీవాడికి వకీలు దొరుకుతాడు, ఉచ్చువాడికి ఎవరు దొరుకుతారు? చాటుగా సంచిలో తెచ్చి అమ్మే పిట్టను కొనొద్దు. చేలో చచ్చి పడివున్న పిట్టను అసలే ముట్టొద్దు, మందు గింజలు తిని చచ్చిందేమో ఎవరికి తెలుసు?

మరి మా అమ్మల వంట ఏమైపోవాలి? పోనక్కర్లేదు. అంగట్లో కౌజు పిట్టలని అమ్మేవి జపాన్ జాతి పెంపుడు పిట్టలు. అయిదారు వారాలకే కూరకొస్తాయి. ఒక్కోటి సుమారు 200 గ్రాములు. మనిషికొకటి చాలు.

ఈకలు పీకి, మంట మీద నూగు కాల్చి, పసుపు రుద్ది కడగండి. మేతసంచీ, పేగులూ తీసేయండి. ఉప్పు, కారం, అల్లం వెల్లుల్లి పట్టించి ఒక గంట ఉంచండి. ఉల్లిపాయలు ఎర్రగా వేగాక పిట్టల్ని వేసి, మూత మీద నీళ్ళు పోసి సన్నసెగన మగ్గనివ్వండి. ఈ మాంసంలో కొవ్వు తక్కువ, మంట పెంచితే పీచుగా ఎండిపోతుంది. చివర్న వేయించి దంచిన ధనియాలు, కాస్త చింతపండు పులుసు. అడవి పిట్ట గట్టిది, మా అమ్మలు దాన్ని చాలాసేపు ఉడికించేవాళ్ళు. ఇది లేతది, అరగంట లోపే అవుతుంది. జొన్నరొట్టెతో తినండి. ఎముకలు సన్నవి, పిల్లలకు మీరే ఒలిచి పెట్టండి.

ఉచ్చు మానేద్దాం, వంట మానొద్దు. రేపు బడిలో "రాత్రి ఏం కూర?" అని అడిగితే మన పిల్లలు తలెత్తి "పిట్ట కూర" అని చెప్పాలి. మేము చెప్పలేకపోయిన మాట అది.